కుళాయి అనని గొంతు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు ఆడవాళ్ళు, లెక్కకు అందనన్ని పట్టుపురుగులు.

పురుగులు వెనక గదిలో తట్టల నిండా ఉన్నాయి. అవి పొర విడవడాన్ని ఆ ఊళ్ళో జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటి లేచినవి కాబట్టి వాటి ఆకలికి అంతు లేదు. తలుపు మూసి ఉన్నా అవి ఆకు కొరికే చప్పుడు, ఎక్కడో పొలిమేర అవతల వాన పడుతున్నట్టు వినిపిస్తూనే ఉంది. ముందు వసారాలో గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నది అవ్వ ఆంజినమ్మ. ఆమెకు ఎదురుగా మల్బరీ ఆకు కుప్ప పోసుకుని పండుటాకులు ఏరి పారేస్తున్నది అమ్మ సువర్ణ. గడప పక్కన లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నది హేమలత వదిన. వదిన భుజం వెనక, కనిపించీ కనిపించనట్టు కూచున్నది నందిని. నాయన మారుతి ఆకు చాలక ఇంకొకరి తోటకు కోతకు పోయాడు.

నందిని పదో తరగతి దాకా ఊరి బడిలోనే చదివింది. నలుగురిలో నోరు విప్పదు. చెప్పాలనుకున్నవన్నీ రోజూ డైరీలో రాసుకుంటుంది. "ఈ పిల్ల నోట్లో పురుగు గూడు కట్టుకున్నాది" అని అమ్మ ఎప్పుడూ దెప్పుతుంది.

హేమలత ఆమె మేనత్త కూతురు. బెంగుళూరులో చదువుతోంది. ఆమె కాలేజీ పిల్లలు తనకల్లు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి ముసలి ఆడవాళ్ళను కూచోబెట్టి మాట్లాడించారు. చిన్నప్పుడు నీళ్ళు ఎక్కణ్ణుంచి మోసేవాళ్ళు, ఊళ్ళోకి కుళాయి వచ్చాక ఏం మారింది అని అడిగి గొంతులు రికార్డు చేసుకున్నారు. ఆ మాటల్ని విన్నది విన్నట్టు తెలుగులో టైపు చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ఫైలు కట్టారు. పేర్లు బయటపెట్టబోమని ఆ ముసలివాళ్ళకు మాట ఇచ్చారు కాబట్టి ఫైళ్ళకు ఉత్త నంబర్లే. వాటిని సరిచూసే పని హేమలతకు వచ్చింది. ఆ పని పట్టుకుని మేనమామ ఇంటికి వచ్చింది. ఇవాళ మధ్యాహ్నం కదిరి బస్సుకు వెనక్కి పోవాలి.

ఆమె సంచి సర్దుకున్నాక, అప్పుడు కదిలింది అవ్వ.

"పాపా, మా అక్క గొంతు గూడా నీ పెట్టెలో ఉండాదంట."

హేమలత తలెత్తింది. "ఎవురు చెప్పినారవ్వా?"

"దాని కోడలు. దినాలకు పోయినప్పుడు చెప్పింది. కాలేజీ పిల్లోళ్ళు మైకు తెచ్చినారంట, మా అక్క మజ్జానమంతా నగుతా మాట్లాడిందంట."

"వచ్చి ఇన్ని దినాలాయ, ఇప్పుడా చెప్పేది? బస్సెక్కేటప్పుడా?"

"అడగల్నా వద్దా అని యోచన చేస్తాంటి."

అమ్మ ఆకు ఏరడం ఆపింది. అవ్వ అక్క లక్ష్మీదేవమ్మను వంకకు అవతలి ఊరికి ఇచ్చారు. ఒక ఊళ్ళో కుక్క మొరిగితే ఇంకో ఊళ్ళో వినిపించేంత దగ్గర. అయినా అక్కాచెల్లెళ్ళకు మాటలు లేకుండా ఏళ్ళు గడిచిపోయాయి. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. పోయిన ఎండాకాలం లక్ష్మీదేవమ్మ చనిపోతే అవ్వ పోయి ఒక మూల కూచుని, ఎవరితో పలకకుండా తిరిగి వచ్చింది.

"నగుతా మాట్లాడిందంటే, నా మాట ఏమైనా ఎత్తిందేమో" అంది అవ్వ గోడను చూస్తూ. "లేకుంటే కోపంతోనే పోయిందేమో. అదొక్కటి తెలిస్తే చాలు నాకు."

హేమలత లాప్‌టాప్ మళ్ళీ తెరిచింది. "ఎవురి గొంతూ బయటికి ఇయ్యగూడదని మాకు రూలు ఉండాది. సొంత చెల్లెలికి వినిపిస్తే తప్పేం లేదులే. కానీ అవ్వా, ఏ నంబరు మన పెద్దవ్వదో నాకెట్ల తెలుస్తాది? అన్నీ వింటా కూచుంటే మళ్ళీ మల్బరీ నాటు వేసే కాలం వస్తాది."

"వెతకలేమా వదినా?" అంది నందిని. అని, తన గొంతు తనకే వినిపించి తల వంచుకుంది.

"వెతుకుదాం. రా, ముందుకు రా. వీపెనక నిలబడితే ఏం కనిపిస్తాది?"

తెర మీద బొమ్మలన్నీ మాయమై నల్లటి పలక ఒకటి తెరుచుకుంది. మూలన చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. నందిని బడిలో కంప్యూటరు చూసింది కానీ ఇట్లా ఒట్టి చీకటిగా ఉన్న తెరను చూడలేదు. అది ఏమీ చూపించడం లేదు. అడిగితే చెప్పడానికి కాచుకుని ఉన్నట్టుంది.

"దీని పేరు గ్రెప్" అంది హేమలత. "ఒక మాట ఇస్తే, ఆ మాట ఉన్న ప్రతి వరసనూ అన్ని ఫైళ్ళలోంచి ఏరి తెస్తాది."

మొదట అవ్వ పేరు రాసింది. కన్ను మూసి తెరిచేలోగా తెర నిండిపోయింది. కదిరి చుట్టుపక్కల ప్రతి వీధికీ ఒక ఆంజినమ్మ ఉంటుంది. బావిలో జారిన ఆంజినమ్మ, కడవ దొంగిలించిన ఆంజినమ్మ, రెడ్లతో పోట్లాడి నీళ్ళు తెచ్చిన ఆంజినమ్మ. అవ్వకు వినిపిస్తే, "ఆ కడవ దొంగను నేను గాదు, ముందే చెప్తాండా" అంది.

"సరే, చెల్లెలు అని వెతుకుదాం" అంది హేమలత. "కానీ టైపు చేసినోళ్ళు విన్నట్టే రాసినారు. కొందరు చెల్లెలు అన్నారు, కొందరు సెల్లెలు అన్నారు. రెండూ ఒకేసారి దొరకల్ల."

ఆమె చదరపు బ్రాకెట్ల మధ్య రెండు అక్షరాలు పెట్టింది. చ, స. బ్రాకెట్టు మూసి, మిగతా మాట కంటే ముందు ఎత్వం ఒక్కటే కొట్టింది. వేలాడడానికి అక్షరం లేక ఆ ఎత్వం చుక్కల సున్నా ఒకదానికి తగులుకుని నిలబడింది. నందిని ఆశ్చర్యంతో వంగి చూసింది. ఎత్వాన్ని అక్షరం లేకుండా ఒంటరిగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"మనకు చె అనేది ఒకే అక్షరం" అంది హేమలత. "దీనికి రెండు. చ ఒకటి, దాని మీది గుర్తు ఇంకొకటి."

నందిని నోట్లోంచి, ఎవరో తట్టి లేపినట్టు, ఒకటో తరగతి పాట వచ్చేసింది. "చకు ఎత్వమిస్తే చె. సకు ఎత్వమిస్తే సె."

హేమలత చప్పట్లు కొట్టింది. "అంతే మే! మాకు దీన్ని అర్ధగంట పాఠం చెప్పినారు. నువ్వు గుణింతంలో చెప్పేస్తివి. బ్రాకెట్టులో చ అయినా సరే, స అయినా సరే, ఎత్వం మాత్రం ఇచ్చి తీరల్ల."

నందిని చెవులు వేడెక్కాయి. బడిలో అందరితో కలిసి అరిచి అరిచి నేర్చుకున్న ఆ రాగం ఈ నల్లటి తెరకు కూడా తెలుసా? సారు బెత్తం పట్టుకుని విడగొట్టి చెప్పినట్టే ఇది కూడా అక్షరాన్ని విడగొట్టి చూసుకుంటుందా? డైరీలో వేల సార్లు రాసిన అక్షరాలు ఆమెకు ఆ క్షణాన కొత్తగా, కీళ్ళూ ఎముకలూ ఉన్న ప్రాణుల్లా కనిపించాయి.

హేమలత మీట నొక్కింది. వరసలు జలజలా రాలాయి. నందిని చదువుతూ పోయింది.

*జ: మా సెల్లెలు బాయిలో కడవ ఇడిసి ఏడ్చుకుంటా వచ్చింది.*

*జ: చెల్లెల్ని ఇచ్చిన ఊర్లో గూడా నీళ్ళు ల్యా. ఒకరికొకరం చెప్పుకుని నగుకునేవాళ్ళం.*

*జ: చెల్లెలు నేనూ ఒకే తాడు చేదుతాంటిమి. తాడు తెగినాక అది లేదు.*

చెరువు ఎండినప్పుడు అడుగున గవ్వలు తేలినట్టు, ఎవరెవరి చెల్లెళ్ళో తేలారు. బతికున్నవాళ్ళు, పోయినవాళ్ళు, పక్కపక్క వరసల్లో. ఆ మాటలు చెప్పిన అవ్వలు ఒకరికొకరు తెలియరు. ఒక్క మీట నొక్కితే అందరూ ఒకే అరుగు మీద కూచుని ఒకేసారి నోరు విప్పారు.

"ఏం మే, ఏం రాసుండాది?" అంది అమ్మ.

నందిని ఒక వరస తరవాత ఒకటి గట్టిగా చదివింది. అమ్మ ఆకును మరిచిపోయి వింది. కానీ అవ్వ ప్రతి వరసకూ తల అడ్డంగా ఊపింది. తాడు తెగిన చెల్లెలు ఆమె కాదు, కడవ విడిచిన చెల్లెలు ఆమె కాదు.

"ఇంగ ఇట్ల గాదు" అంది హేమలత గడియారం చూసుకుంటూ. "కుళాయి వచ్చిన తొలినాళ్ళ గురించి మాట్లాడింటాది గదా. అది పెట్టి చూద్దాం. మీ అక్క కుళాయి గురించి ఏమంటాండె అవ్వా?"

అవ్వ ఒక్కసారిగా నవ్వింది. నవ్వి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు వెనక నవ్వు ఎప్పుడు ఏడుపయిందో నందిని పట్టుకోలేకపోయింది.

"మా అక్క ఆ మాట జన్మలో అనలా" అంది అవ్వ. "దాని మొగుడు కుళ్ళాయప్ప గదమ్మే!"

ఆ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు నోట పలకరు. కుళాయి అంటే మొగుడి పేరు సగం పలికినట్టే. ఊళ్ళోకి కుళాయి వచ్చినప్పుడు అందరూ సంబరపడుతుంటే లక్ష్మీదేవమ్మకు మాత్రం చిక్కు వచ్చిపడింది. దానికి ఆమె తనదైన పేరు పెట్టుకుంది. ముక్కు. 'ముక్కు తిప్పు', 'ముక్కు కాడికి పోయొస్తా'. అదొక ముచ్చట ఆ ఊళ్ళో.

"నేను జాతరకు పోయింటి" అంది అవ్వ. "ఆడోళ్ళంతా కడవలు పెట్టుకుని వరస కట్టినారు. నాకు బుద్ధి గడ్డి తినింది. అందరి ముందరా, 'అక్కా, ఆ ముక్కుకు అసలు పేరేమి? నీ నోటితో ఒక్కతూరి చెప్పు, నా వెండి కడియాలు నీకే' అంటి. ఆడోళ్ళు నగినారు. నేను గూడా నగితి. అది కడవ ఆడనే దించి ఇంటికి పాయె. నేనిట్ల వచ్చేస్తి. అంతే. ఇంగ అది పిలవలా, నేను పోలా."

నందిని మనసులో ఏదో తిరుగుతూ ఉంది. అమ్మ దెప్పే పురుగు గూడును చీల్చుకుని అది బయటికి వచ్చింది.

"వదినా... అందరూ కుళాయి అనింటారు గదా. ఆ మాట అనకుండా ఉన్నోళ్ళను వెతకొచ్చునా?"

హేమలత ఆమె వైపు తిరిగింది. "వెతకొచ్చు. ఒక చిన్న అడ్డగీత, ఇంగ్లీషు పెద్ద ఎల్. అంతే. మాట లేని ఫైళ్ళ పేర్లు మాత్రం ఇస్తాది."

ఉన్నదాన్ని వెతకడం ఎవరికైనా చేతనవుతుంది. లేనిదాన్ని వెతికితే దొరుకుతుందా? నందిని ముందుకు వంగి చూసింది. హేమలత మీట నొక్కింది.

ఏమీ రాలేదు. నల్లటి పలక మీద ఆ చిన్న గీత మళ్ళీ ఆరుతూ వెలుగుతూ నిలబడింది.

"అంటే, అన్నిట్లోనూ ఉండాది" అంది హేమలత దిగాలుగా. "అవ్వా, మీ అక్క అనేసిందేమో."

"అనదు" అంది అవ్వ. "దాని పీక కోసినా అనదు."

హేమలత ఒక ఫైలు తెరిచి చూసింది. చూసి నుదురు కొట్టుకుంది. "అయ్యో, నా తెలివి! అడిగినోళ్ళం మేమే గదా. ప్రతి ఫైలులోనూ 'ఊర్లోకి కుళాయి వచ్చినాక' అని మేమే అడిగినాం. ప్రశ్నకు ముందర ప్ర, జవాబుకు ముందర జ పెట్టినాం. జ అని మొదలయ్యే వరసల్లో మాత్రమే చూడల్ల."

ఈసారి ఆమె ఒక్కొక్కటే చెబుతూ రాసింది. వరస మొదట ఒక టోపీ గుర్తు. దాని అర్థం, ఇక్కణ్ణుంచే మొదలు అని. దాని పక్కన జ. తరవాత ఒక చుక్క, ఒక నక్షత్రం. చుక్క అంటే ఏదో ఒక అక్షరం, నక్షత్రం అంటే అట్లాంటివి ఎన్నయినా.

"రెండూ చుక్కలే గదా వదినా" అంది నందిని. హేమలతకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక పగలబడి నవ్వింది.

"ఇప్పుడు కుళాయి. కొందరు కుళాయి అంటారు, కొందరు కొళాయి, ఇంకొందరు కులాయి. నువ్వే కొట్టు మే. గుణింతం నీది."

నందిని మీటల మీదికి వంగింది. క. బ్రాకెట్టులో కొమ్ము, ఒత్వం. ఇంకో బ్రాకెట్టులో ళ, ల. ఆ తరవాత దీర్ఘం, య. లోలోపల పాడుకుంటూ ఒక్కొక్క మీటా వెతికి కొట్టింది. కకు కొమ్మిస్తే కు, కకు ఒత్వమిస్తే కొ. తెర మీద అది ఇట్లా నిలబడింది:

^జ.*క[ుొ][ళల]ాయ

తెలుగే, కానీ ఎవరూ చదవగలిగే తెలుగు కాదు. ఆ పలకకు మాత్రమే అర్థమయ్యే చీటీలా ఉంది. ఎంతమంది అవ్వలు, ఎన్ని ఊళ్ళ యాసలు, అన్నీ ఆ ఒక్క వరసలో పట్టాయి.

మీట నొక్కింది. కొన్నే వచ్చాయి, వేళ్ళ మీద చెప్పగలిగినన్ని. జవాబుల్లో ఎక్కడా ఆ మాట పలకని ఆడవాళ్ళు.

"లేని మాట దొరికె" అంది అమ్మ, ఎవరితోనూ కాదన్నట్టు. ఆమె చేతిలో ఆకు అట్లాగే ఉంది.

"పంపు అన్నోళ్ళు ఉంటారు, టాపు అన్నోళ్ళు ఉంటారు" అంది హేమలత. "మిగిలిన వీటిలో ఇప్పుడు ముక్కు అని వెతుకు."

నందిని కొట్టింది. మూడు వరసలు వచ్చాయి. ఆమె గట్టిగా చదివింది.

"జ: వంకకు దిగినప్పుడు నా ముక్కుపుడక నీళ్ళల్లో పాయె, మా అత్త నన్ను సంపేసింది."

"పాపం" అంది అమ్మ.

"జ: వాన కాలం వస్తే ముక్కు కారేది గానీ చెరువు నిండేది గాదు."

అవ్వ కూడా నవ్వింది. మూడో వరస దగ్గర నందిని ఆగిపోయింది. ఒకసారి లోలోపల చదువుకుంది. ఆ తరవాత ఆమె గొంతు పైకి వచ్చింది, తనకు తెలియని నిబ్బరంతో.

"జ: ఆ ముక్కు కాడికి పోయినప్పుడంతా మా ఆంజి నగు ఇనపడతాది, అదొచ్చి మళ్ళా అడిగితే ఈతూరి చెప్పేస్తా, కడియాలు మాత్రం ఇడిసేది లేదు."

ఆంజి. ఆ పిలుపుతో అవ్వను పిలిచేవాళ్ళు భూమ్మీద ఎవరూ మిగలలేదు. నందిని ఆ పేరు మొదటిసారి వింది. అది కూడా తన నోటితోనే.

అవ్వ ముఖం చిన్న పిల్ల ముఖమైంది. "మళ్ళా చదువు" అంది. నందిని మళ్ళీ చదివింది. "ఇంగోతూరి." ఇంకోసారి చదివింది. అవ్వ పెదాలు ఆమెతో పాటు కదిలాయి.

"చెప్పేస్తానంటాదే గానీ చెప్పదు" అంది అవ్వ చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. ఆ మాటలో గర్వం ఉంది. "పాపా, దాని గొంతు పెట్టు."

హేమలత ఆ నంబరు గొంతును తెరిచింది. ముందు గాలి చప్పుడు, కోడి కూత, ఎవరో దగ్గడం. ఆ తరవాత ఒక బొంగురు గొంతు, "ఏం పాపా, ఇంగ చెప్పల్నా? మైకు ఎర్రగా ఎలుగుతాండాది, పని చేస్తాండాదా అది?"

"ఆపు!" అంది అవ్వ. హేమలత ఉలిక్కిపడి ఆపేసింది.

అవ్వ గోడ పట్టుకుని లేచింది. లాప్‌టాప్‌ను తన చేతికి ఇమ్మంది. హేమలత, "ఈ పొడుగు మీట నొక్కితే మాట్లాడతాది, మళ్ళా నొక్కితే ఆగుతాది" అని చూపించింది. అవ్వ దాన్ని పురుగుల తట్టను మోసినట్టు, ఒరగకుండా రెండు చేతుల మీద పెట్టుకుంది.

"అత్తా, యాడికి?" అంది అమ్మ.

"లోపలికి. ఈడ మీ గలాటా."

"బస్సు..." అంది హేమలత. అని, తనే చేయి ఊపేసింది. "పోతే పోనీలే. ఇంకోటి ఉండాది."

అవ్వ వెనక గది తలుపు భుజంతో నెట్టింది. మల్బరీ వాసన, పురుగుల వాన చప్పుడు ఒక్కసారిగా వసారాలోకి వచ్చాయి. నందిని ఆమె వెనకే పోయింది. అవ్వకు మీట కనిపిస్తుందో లేదో, పొరపాటున ఇంకేదైనా నొక్కితే ఆ గొంతు మళ్ళీ ఆ చీకటి పలకలోకి పోతుందేమో. అంతకంటే, ఆమెకు వినాలని ఉంది. ఆ మాటను పలకకుండా ఒక మధ్యాహ్నమంతా నవ్వుతూ మాట్లాడిన గొంతును, ఆ మాట లేకపోవడం వల్లనే దొరికిన గొంతును వినాలని ఉంది.

అవ్వ లాప్‌టాప్‌ను ఖాళీ తట్ట మీద పెట్టి వెనక్కి తిరిగింది. గడప మీద నందిని నిలబడి ఉంది.

"యాడికొస్తావు మే?" అంది అవ్వ. "తలుపు తీసి పెడితే పురుగులకు ఈగ పడతాది. బయటనే ఉండు."

తలుపు వేసేసింది.